తిట్టు మనకు తగిలితేనే జాత్యహంకారమా?

జాత్యహంకారం పాత కాలపు మాట అని వాదించేవారు మన మధ్య చాలామందే ఉన్నారు. అమెరికాలో బానిసత్వం 1865లోనే రద్దయింది. దక్షిణాఫ్రికాలో వర్ణ వివక్ష పాలన 1994లో ముగిసింది. నల్లజాతి మనిషి ఒకరు అమెరికాకు ఎనిమిదేళ్ళు అధ్యక్షుడిగా ఉన్నారు. ఇంకా ఎక్కడుంది జాతి వివక్ష అని వారు అడుగుతారు. చట్టాల పుస్తకాల్లో వెతికితే అది దొరకకపోవచ్చు. మనుషుల నోళ్ళలో వెతికితే మాత్రం ఇప్పటికీ దొరుకుతుంది. దాన్ని చూడడానికి సముద్రాలు దాటనక్కరలేదు. శంషాబాద్ వరకు వెళితే చాలు.

2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి అది మన కుటుంబాల సుఖదుఃఖాల్లో భాగమైపోయింది. దుబాయ్, రియాద్, దోహా వెళ్ళే కొడుకులను కళ్ళనీళ్ళతో సాగనంపేది అక్కడే. హజ్ యాత్ర ముగించుకుని జమ్‌జమ్ నీళ్ళతో వచ్చిన పెద్దలను ఆలింగనం చేసుకునేది అక్కడే. అదే విమానాశ్రయానికి వచ్చిన ఇద్దరిని పాఠకులకు గుర్తు చేయదలచుకున్నాం. వారిలో ఒకరు శవపేటికలో వచ్చారు. ఇంకొకరు విజయంతో వచ్చారు. ఇద్దరినీ గాయపరచింది ఒక్కటే.

శంషాబాద్‌కు చేరిన రెండు గాయాలు

2017 ఫిబ్రవరి 27 రాత్రి కూచిభొట్ల శ్రీనివాస్ భౌతికకాయం శంషాబాద్ చేరింది. ఆయనకు 32 ఏళ్ళు. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో గార్మిన్ కంపెనీలో ఇంజినీరు. ఫిబ్రవరి 22 సాయంత్రం ఒలేతా పట్టణంలో సహోద్యోగి, మిత్రుడు ఆలోక్ మాదసానితో కలిసి ఒక బార్‌లో కూర్చుని ఉండగా ఒక తెల్లజాతి మనిషి వచ్చి వారి జాతిని ఎత్తి దూషించాడు. అక్కడున్నవారు అతన్ని బయటకు పంపేశారు. కాసేపటికి తుపాకీతో తిరిగి వచ్చాడు. మా దేశం విడిచి పొండని అరుస్తూ కాల్చాడు. శ్రీనివాస్ మరణించారు. ఆలోక్ గాయపడ్డారు. అడ్డుకోబోయిన ఇయాన్ గ్రిలట్ అనే యువకుడికి కూడా తూటా తగిలింది. ఆ యువకుడూ తెల్లజాతివాడే. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది.

ఈ సంఘటనలో రెండు విషయాలు గమనించాలి. మొదట వచ్చింది తిట్టు, తరువాత వచ్చింది తూటా. ఆ రెంటికీ మధ్య గడిచింది కొద్ది సమయమే. రెండవది, హంతకుడు పారిపోయిన తరువాత మరో ఊళ్ళో, తాను ఇద్దరు ఇరానీలను కాల్చానని చెప్పుకున్నాడు. తాను చంపింది ఎవరినో కూడా అతనికి తెలియదు. ఆ కళ్ళకు హైదరాబాదీ అయినా ఇరానీ అయినా, హిందువైనా ముస్లిమైనా ఒక్కటే. జాతి ద్వేషానికి ఎదుటి మనిషి పేరుతో, మతంతో, చదువుతో పనిలేదు. చర్మం రంగు ఒక్కటే దానికి కావలసింది.

రెండవవారు మహమ్మద్ సిరాజ్. ఆటో నడుపుకునే తండ్రి మహమ్మద్ గౌస్ కష్టార్జితంతో బంతి పట్టిన కుర్రవాడు. 2020 నవంబరులో భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి మరణవార్త చేరింది. ఇంటికి రాకుండా జట్టుతోనే ఉండిపోయారు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర ఫీల్డింగ్ చేస్తుంటే ప్రేక్షకుల్లోంచి దూషణలు వచ్చాయి. నల్లకోతి అన్నారని సిరాజ్ తరువాత చెప్పారు. మొదటి రోజు తాగిన మైకంలో అంటున్నారనుకుని ఊరుకున్నారు. మరునాడు కూడా అదే జరిగేసరికి కెప్టెన్‌కు, అంపైర్లకు చెప్పారు. ఆట కొన్ని నిమిషాలు ఆగింది. కావాలంటే మైదానం విడిచి వెళ్ళవచ్చని అంపైర్లు అన్నారు. మేమెందుకు వెళ్ళాలి, తప్పు మాది కాదని కెప్టెన్ అజింక్యా రహానే ఆటలోనే నిలబడ్డారు. తరువాత జరిపిన విచారణలో భారత ఆటగాళ్ళపై జాతి దూషణ జరిగిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా ప్రకటించింది. ఆ రోజు స్టాండ్స్ నుంచి బయటకు పంపిన ఆరుగురు మాత్రం ఆ మాటలు అన్నవారు కాదని చెప్పింది. అంటే తిట్టు రుజువైంది, తిట్టిన నోరు మాత్రం దొరకలేదు.

జాతి దూషణలో ఎప్పుడూ ఉండే సౌలభ్యం ఇదే. గుంపులో దాక్కున్నవాడు మాట విసురుతాడు. ఒంటరిగా నిలబడినవాడు దాన్ని మోస్తాడు. సిరాజ్ ఆ బరువును మోస్తూనే బ్రిస్బేన్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశారు. సిరీస్ మొత్తంలో 13 వికెట్లతో మన బౌలర్లలో ముందు నిలిచారు. జనవరి 21న శంషాబాద్‌లో దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా తండ్రి సమాధి దగ్గరకు వెళ్ళారు. ఆ ఫొటో చూసి రాష్ట్రమంతా కంటతడి పెట్టుకుంది. మన పిల్లవాణ్ణి అంత మాట అంటారా అని ప్రతి ఇంట్లోనూ కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదే. అయితే అదే కోపం మన మీద మనకు ఎన్నిసార్లు వచ్చింది?

శంషాబాద్‌లో దిగే పరాయివాడు

శ్రీనివాస్ భౌతికకాయం శంషాబాద్ చేరిన సరిగ్గా నెల తరువాత, 2017 మార్చి 27న, ఢిల్లీ పక్కనున్న గ్రేటర్ నోయిడాలో ఆఫ్రికా విద్యార్థుల మీద గుంపు విరుచుకుపడింది. స్థానిక కుర్రవాడొకడు చనిపోతే, అందుకు కారణం నైజీరియావారే అన్న అనుమానం పుట్టింది. వారు మనుషులను తింటారన్న పుకారు కూడా పుట్టింది. ఒక షాపింగ్ మాల్‌లో చిక్కిన విద్యార్థులను కుర్చీలతో, కర్రలతో కొట్టారు. ఢిల్లీలోని ఆఫ్రికా దేశాల రాయబారులు దీన్ని జాతి ద్వేషంతో చేసిన దాడిగానే పరిగణించారు. అంతకు ఏడాది ముందు, 2016 మే నెలలో, మన బంజారాహిల్స్‌లోనే పార్కింగ్ తగవులో ఒక నైజీరియా విద్యార్థిని ఇనుప కడ్డీతో కొట్టారు. అది కేవలం పార్కింగ్ తగవే అని అన్నారు. కావచ్చు. కానీ పక్కింటి కుర్రవాడితో పార్కింగ్ తగవు వస్తే చేయి ఎంత త్వరగా ఇనుప కడ్డీ దాకా వెళుతుంది? ఆలోచించాలి.

క్రికెట్‌నే తీసుకుందాం. వెస్టిండీస్‌కు 2012లో, 2016లో టీ20 ప్రపంచకప్ గెలిచిపెట్టిన కెప్టెన్ డారెన్ సామీ మన సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు 2013, 2014లో ఆడారు. 2020 మే నెలలో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి పోలీసు మోకాలి కింద ఊపిరాడక చనిపోయిన తరువాత ప్రపంచమంతా వర్ణ వివక్ష గురించి మాట్లాడుకుంది. ఆ రోజుల్లోనే సామీ ఒక విషయం బయటపెట్టారు. హైదరాబాద్ జట్టులో ఉండగా తననూ శ్రీలంక ఆటగాడు తిసార పెరీరానూ 'కాలూ' అని పిలిచేవారట. అది బలశాలి అనే అర్థం వచ్చే మాట కాబోలని ఆయన అనుకున్నారు. పిలిచినప్పుడల్లా అందరూ నవ్వితే, తనూ నవ్వారు. ఆరేళ్ళ తరువాత అసలు అర్థం తెలిసి నొచ్చుకున్నారు. ఒక పాత సహచరుడు ఫోన్ చేసి, అది ప్రేమతో పిలిచిన పిలుపేనని చెప్పగా ఆయన ఆ మాట నమ్మి వివాదాన్ని అంతటితో ముగించారు. అది ఆయన పెద్ద మనసు.

సామీ క్షమించినంత మాత్రాన మన బాధ్యత తీరదు. సిడ్నీలో సిరాజ్‌ను అన్నది జాత్యహంకారం, హైదరాబాద్ జట్టులో సామీని అన్నది ప్రేమ అని రెండు కొలతలు పెట్టుకోవడం న్యాయమా? సిడ్నీవాడు కూడా సరదాకే అన్నామని చెప్పగలడు. సరదాకి అన్నాం, అలవాటులో వచ్చింది, మనసులో ఏమీ లేదు అన్న మాటలు ప్రపంచంలో ప్రతి దూషకుడి దగ్గరా సిద్ధంగానే ఉంటాయి. పిలిచేవాడి మనసును ఎవరూ తూచలేరు. పిలుపు తగిలిన మనిషి ముఖాన్ని మాత్రం అందరూ చూడగలరు. అర్థం తెలిస్తే ఈ మాటకు ఎదుటివాడు నొచ్చుకుంటాడా లేదా? ఇది ఒక్కటే సరైన కొలత. అర్థం తెలియని వాడి ముందు నవ్వుకునే మాట ప్రేమ మాట ఎన్నటికీ కాదు.

మన ఊరు మరచిన హబ్షీలు

ఆఫ్రికా మనిషి మనకు కొత్తవాడు కాడు. మన హబ్సిగూడ పేరులోనే హబ్షీలు, అంటే అబిసీనియా నుంచి వచ్చినవారు ఉన్నారు. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులోని ఆఫ్రికా అశ్వికదళం. వనపర్తి రాజా తయారు చేసిన ఆఫ్రికా సైనికులతో ఆ దళానికి పునాది పడింది. 1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో విలీనమైన తరువాత దళం రద్దయింది. ఆ సైనికుల సంతతివారు నేటికీ అక్కడే ఉన్నారు. వారు మన దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, మన మసీదుల్లో మన పక్కనే నిలబడతారు. మన పెళ్ళిళ్ళలో బరాత్ ముందు మోగే మర్ఫా, మనవాళ్ళు ఒళ్ళు మరచి చిందులేసే ఆ వాద్యం, ఈ నగరంలో బతికిందీ పేరు తెచ్చుకుందీ వారి చేతుల మీదుగానే. సిరాజ్ పెరిగిన ఫస్ట్ లాన్సర్ కూడా నిజాం సైన్యం పేరు మీద వెలిసిన బస్తీయే, ఏ.సి. గార్డ్స్‌కు పెద్ద దూరం కాదు.

ఇంకా వెనక్కి వెళితే, ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడై దక్కన్ చేరిన మలిక్ అంబర్ అహ్మద్‌నగర్ రాజ్యానికి పెద్ద దిక్కయ్యారు. మొగల్ సేనలను ఏళ్ళ తరబడి నిలువరించారు. తరువాతి కాలంలో ఔరంగాబాద్ అయిన ఖడ్కీ నగరాన్ని 1610లో నిర్మించారు. ఆసఫ్‌జాహీల తొలి రాజధాని ఆ నగరమే. దక్కన్ చరిత్రలో ఇంత వాటా ఉన్నవారిని ఇవాళ మన పిల్లలు వీధిలో చూసి వెక్కిరిస్తే తప్పు పిల్లలది కాదు, చెప్పని మనది.

కూలీ, కోరంగీ, కలా

తిట్లు తగిలితే ఎలా ఉంటుందో తెలుగువారికి తెలిసినంతగా తెలిసినవారు అరుదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ తరువాత వచ్చిన ఓడల్లో వేలాది తెలుగువారు చెరకు తోటలకు వెళ్ళారు. కూలి అంటే మనకు చేసిన పనికి వచ్చే డబ్బు, కష్టపడి సంపాదించుకున్న తిండి. అక్కడ అది తిట్టు అయింది. వ్యాపారిని కూడా కూలీ అన్నారు, బారిష్టరును కూడా కూలీ అన్నారు. అదే నేల మీద ఆఫ్రికా వారిని 'కాఫిర్' అని తిట్టేవారు. అది మనకు బాగా తెలిసిన అరబ్బీ మాటే. వర్తకుల నోట తూర్పు ఆఫ్రికా తీరం చేరి, అక్కడి నుంచి తెల్లవారి నోట ఒక జాతినంతా కించపరిచే మాటగా మారింది. చివరికి 2018లో ఒక తెల్లజాతి మహిళ నల్లజాతి పోలీసును ఆ మాటతో పదే పదే తిట్టినందుకు అక్కడి న్యాయస్థానం రెండేళ్ళ జైలు శిక్ష వేసింది.

తూర్పున బర్మాలో మరో కథ నడిచింది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి వెళ్ళినందుకు తెలుగు కూలీలను రంగూన్‌లో కోరంగీలు అన్నారు. భారతీయులందరినీ కలిపి 'కలా' అన్నారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వారి బదులు బర్మావారిని పనిలోకి తీసుకున్నారు. సమ్మె ముగిసి తెలుగువారు తిరిగి వచ్చేసరికి గొడవ రేగింది. వందమందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది మనవాళ్ళే. ఇద్దరు పేదలను ఒకే కూలి కోసం పోటీకి నిలబెట్టినప్పుడు జాతి పేరుతో ఉన్న తిట్టు చేతికి అందిన కర్ర అయిపోయింది.

ఆ 'కలా' అన్న మాట చావలేదు. మయన్మార్‌లో రోహింగ్యాలను ఇప్పటికీ ఆ మాటతోనే తిడతారు. ఆ మాట విని, ఇళ్ళు కాలి, పారిపోయి వచ్చిన రోహింగ్యాలు కొన్ని వేలమంది శంషాబాద్‌కు ఇవతల బాలాపూర్‌లో గుడిసెల్లో, రేకుల ఇళ్ళలో బతుకుతున్నారు. రంగూన్‌లో మన తాతలను అన్న మాట, వారిని వెంబడించి మన ఊరి పొలిమేర దాకా వచ్చింది. వారిని చూసి ఏమనాలో తోచినప్పుడు ఈ చరిత్ర గుర్తుకు రావాలి.

మనల్ని మనం అడుగుకోవాలి

గల్ఫ్‌లో పనిచేసే మన కుర్రవాళ్ళు ఇళ్ళకు వచ్చినప్పుడు చెప్పే మాటలు పాఠకులకు కొత్త కాదు. ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి ఒక్కో జీతం. 2019లో ఖతర్‌లో పర్యటించిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి ఒకరు, అక్కడ పుట్టిన దేశాన్ని బట్టి మనుషులను వరుసలో నిలబెట్టే వ్యవస్థ కుల వ్యవస్థను పోలి ఉందని తన నివేదికలో రాశారు. ముస్లిం దేశం కనుక అక్కడ వివక్ష ఉండదని అనుకోవడం భ్రమ. ముస్లిం ఇల్లు కనుక ఇక్కడ ఉండదని అనుకోవడం కూడా అలాంటి భ్రమే.

ధర్మం విషయంలో మనకు ఏ సందేహమూ లేదు. మక్కా విజయం నాడు కాబా పైకెక్కి అజాన్ ఇచ్చింది ఒకప్పటి హబ్షీ బానిస హజ్రత్ బిలాల్ (రజి). తెల్లవాడికి నల్లవాడి మీద ఆధిక్యం లేదని దైవప్రవక్త (సల్లం) తమ చివరి హజ్ సందర్భంగా ప్రకటించారు. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని, చెడ్డ పేర్లు పెట్టి పిలవడాన్ని దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా స్పష్టంగా నిషేధించింది. అబూజర్ (రజి) వంటి గొప్ప సహచరుడే ఒక మనిషిని తల్లి పేరెత్తి దెప్పితే, నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం మిగిలి ఉందని ప్రవక్త (సల్లం) మందలించారు. నమాజు, రోజా, త్యాగం అన్నీ ఉన్న మనిషిలో కూడా నాలుక చివర అజ్ఞానకాలం మిగిలి ఉండవచ్చునని ఈ సంఘటన మనకు నేర్పుతున్నది.

ఇది మన ఇంటి గడప దగ్గరే మొదలవుతుంది. పిల్లను చూసి వచ్చినవారు ఏమంటారు? అమ్మాయి గుణవంతురాలు, చదువుకుంది, కుటుంబం మంచిది, కానీ రంగు తక్కువ. రంగులో తక్కువ ఎక్కువలు ఎవరు పెట్టారు? ఆ ఒక్క మాటతో కట్నం పెరుగుతుంది, సంబంధం తప్పుతుంది. కన్నబిడ్డలే ఇద్దరైతే ఒకరిని గోరా అని ముద్దు చేసి, ఇంకొకరిని కాలా అని పిలుస్తాం. 1975 నుంచి మన ఇళ్ళల్లో ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము కంపెనీ కూడా 2020లో సిగ్గుపడి 'ఫెయిర్' మాట తీసేసి పేరు మార్చుకుంది. మన పెళ్ళిచూపుల్లో మాత్రం ఆ మాట మారలేదు. ఇంట్లో చెల్లెలి రంగును వెక్కిరిస్తూ పెరిగిన కుర్రవాడు రేపు టోలీచౌకీ వీధిలో సూడాన్ విద్యార్థిని గౌరవంగా చూస్తాడని ఎలా ఆశించగలం?

మరోవైపు మనకు తగిలే మాటలూ ఉన్నాయి. పాకిస్తాన్ పొమ్మన్న మాట, తురకోడన్న మాట వినని ముస్లిం యువకుడు అరుదు. ఒలేతాలో శ్రీనివాస్ చివరగా విన్న మాటకూ దీనికీ తేడా ఎంత? ఆ మాట ఎంత లోతుగా గుచ్చుకుంటుందో తెలిసినవారం కనుకనే, ఇంకొకరిని అనే ముందు వందసార్లు ఆలోచించవలసిన బాధ్యత ఇతరులకన్నా మన మీద ఎక్కువ ఉంది.

చట్టం, మన చేతుల్లోని పని

కులం పేరుతో దళితులను, గిరిజనులను బహిరంగంగా అవమానిస్తే శిక్షించే చట్టం 1989లో వచ్చింది. ఆ చట్టం వచ్చాక కులాహంకారం పోలేదు కానీ, నలుగురిలో నోరు జారడానికి భయం పుట్టింది. రంగును, జాతి పోలికలను ఎత్తి మనిషిని అవమానిస్తే అలాంటి ప్రత్యేక శిక్ష మన దేశంలో లేదు. 2014లో అరుణాచల్ ప్రదేశ్ విద్యార్థి నీడో తానియం ఢిల్లీలో దాడికి గురై మరణించిన తరువాత వేసిన బెజ్‌బారువా కమిటీ, ఇందుకోసం శిక్షాస్మృతిలో కొత్త సెక్షన్లు చేర్చాలని సిఫారసు చేసింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కూడా ఆ సిఫారసుకు చోటు దొరకలేదు. ఆ చట్టం రావాలని మేము కోరుతున్నాం.

చట్టం వచ్చేదాకా చేయవలసిన పనులకు ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆఫ్రికా విద్యార్థికి ఇల్లు అద్దెకు ఇవ్వడానికి అతని అడ్వాన్సు, నడవడిక చూడాలి గాని రంగు చూడకూడదు. శంషాబాద్‌లో, నగరంలో, హోటళ్ళలో, సెలూన్లలో పనిచేసే ఈశాన్య రాష్ట్రాల పిల్లలను పేరు పెట్టి పిలవాలి, కళ్ళను చూసి పేర్లు పెట్టకూడదు. వైద్యం కోసం సోమాలియా, సూడాన్, యెమెన్‌ల నుంచి వచ్చినవారు జుమా నాడు మన సఫ్‌లో నిలబడితే, నమాజు తరువాత సలాం చెప్పి చేయి కలపాలి. బంధువుల మధ్య 'రంగు తక్కువ' అన్న మాట వినబడితే, పెళ్ళి పెద్దలు అక్కడికక్కడే ఖండించాలి. నలుగురిలో ఎవరైనా 'కాలూ' అని నవ్వితే ఆ నవ్వులో మనం కలవకూడదు. ఒలేతాలో ఇయాన్ గ్రిలట్ తూటాకు అడ్డుపడ్డాడు. మనల్ని ఎవరూ తూటాకు అడ్డుపడమనడం లేదు. ఒక నవ్వుకు, ఒక మాటకు అడ్డుపడితే చాలు.

జాత్యహంకారం ఇంకా ఉందా అన్న ప్రశ్నకు జవాబు కోసం పత్రికలు తిరగేయనవసరం లేదు. ఈ వారం మన నోటి నుంచి, మన పిల్లల నోటి నుంచి వచ్చిన పిలుపులను ఒకసారి గుర్తు చేసుకుంటే చాలు. సిడ్నీలో సిరాజ్ మీద పడిన మాట తప్పే అయితే, హైదరాబాద్ వీధిలో ఒక పరదేశి మీద పడే మాట కూడా తప్పే. శంషాబాద్‌లో దిగే ఏ తల్లి బిడ్డ అయినా మన ఊరి నుంచి తిట్టు మోసుకుని తిరిగి వెళ్ళకూడదు.